చంద్రికకు వచ్చిన సీటు

బేగం బజార్ నుంచి తెచ్చిన చింతపండులో గింజలు తీసే పని, సెలవులకు ఇంటికొచ్చిన కోడలిదేనట. చంద్రిక చేతులు జిగటగా ఉండడంతో, ఆమె ఫోనుకు వచ్చిన మెయిలు భర్త మహీధర్ చదివాడు. చదివి, ఫోను ఆమె పక్కన పెట్టి, లోపలికి పోయాడు. అప్పుడు చూసింది ఆమె. సీటు వచ్చింది!

కెనడాలో ఇద్దరూ స్టాటిస్టిక్స్‌లో చేరారు. కంప్యూటర్ సైన్స్‌కు మారాలని ఇద్దరూ ఏడాదంతా కిందామీదా పడ్డారు. బయటి దేశాల వాళ్లకు అందులో దొరికే సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అతను చదువుతుంటే గిన్నెలు తోమిందీ, బట్టలు ఉతికిందీ ఆమే. పనంతా అయ్యాక పుస్తకం పట్టిందీ ఆమే. ఇప్పుడు సీటు ఆమెకొచ్చింది, అతని పేరు వెయిటింగ్ లిస్టులో మొదట ఉంది. సీటు తీసుకుంటానని ఆమె సాయంత్రంలోగా చెప్పాలి.

నాంపల్లిలోని ఆ ఇంట్లో ఎవరైనా నోరు తీపి చేస్తారేమోనని పిచ్చిది మధ్యాహ్నం దాకా ఎదురుచూసింది. మామ పప్పు బాగుందన్నాడు, అంతే. అన్నాలు అయ్యాక అత్త విద్యావతి మెల్లగా అంది.

"అబిడ్స్ దుకాణం నా పేరు మీదనే ఉండె గదమ్మా. నిరుడు మహీ పేరు మీదికి మార్చిన్రు. ఒక్క సంతకం. నువ్వు గూడ గట్లనే రాసియ్యరాదు?"

సీటును కూడా దుకాణంలాగే రాసివ్వొచ్చనుకుంది అత్త, పాపం. చంద్రికకు నవ్వొచ్చింది. అట్లా కుదరదని చెప్పమన్నట్టు మహీధర్ వైపు చూసింది.

"రాసిచ్చుడు ఉండదమ్మా. ఈమె వద్దంటే నాకొస్తది," అన్నాడు అతను, తల్లితోనే.

కెనడాలో మంచులో బస్సు కోసం నిలబడ్డప్పుడు కూడా చంద్రికకు ఇంత ఒంటరిగా అనిపించలేదు. అక్కడ ఎవరూ తనవాళ్లు కారు, వాళ్ల మీద ఆశా ఉండేది కాదు. ఇక్కడ అందరూ తనవాళ్లేనాయె! అతని అప్లికేషన్ వ్యాసం దిద్దింది తనే. అతనికి వస్తే ఈపాటికి వీధంతా స్వీట్లు పంచేది కూడా తనే.

సాయంత్రం దుకాణంలో కూర్చున్న మహీధర్‌కు టిఫిన్ డబ్బా ఇచ్చి రమ్మన్నారు. అబిడ్స్‌లో పోస్టాఫీసు ముందు, ఆటోల మోతలో, ఆమె ఒక పక్కగా ఆగి ఫోను తీసింది. పని కానిచ్చుకుని దుకాణం మెట్లెక్కింది.

మహీధర్ డబ్బా అందుకుంటూ గొంతు తగ్గించాడు. "మనం ఒక్కటే గదా చంద్రికా. ఎవరు చదివితే ఏంది?"

"ఔ," అంది చంద్రిక. "గందుకే నేనే చదువుతనని మెయిలు పంపిన."