గుడికి వంతులు

భాస్కరరావు చేపలు గంట కొడితేగాని మేతకు రావు. ఆయన చెరువు పెదపాడు అవతల, పాత చర్చి గోడనానుకుని ఉంది. పొద్దున్నే ఆ గుడి గంట మోగుతుంది. ఆ మోతకే, చిల్లులు పొడిచిన తవుడు బస్తాలు నీళ్ళలోకి దింపడం ఆయనకు అలవాటు. బొచ్చెలూ శీలావతులూ గుంపుగా వచ్చి నోళ్ళు తెరుస్తాయి. గంట లేకపోతే అడుగునే పడి ఉంటాయి. బతిమాలినా రావు.

గుడ్ ఫ్రైడే ముందునాటి నుంచి ఈస్టరు దాకా గుడిలో గంట కొట్టరు. ఆ రోజుల్లో ఆయన చేపలూ ఉపవాసమే. ఊళ్ళో నవ్వేవారు.

"ఏవండీ, మీ చేపలు బాప్తిస్మం పుచ్చుకున్నాయటగా?"

"పుట్టిందే నీళ్ళలోనండీ. మళ్ళీ ముంచడం ఎందుకు?" అనేవాడు.

ఈ ఏడు ఆ నవ్వు ఆగిపోయింది. గంట గోపురం బీటలు వారింది. ఫాదర్ విశ్వాసం గారు చెరువు గట్టుకు వచ్చి కబురు చెప్పారు. గుడి పడగొట్టి కొత్తది కడతారట. గంట ఉండదట. మైకులు పెడతారట.

"నా చేపలేం కావాలండీ?"

"దేవుడు చూసుకుంటాడండీ."

"ఆయన చూస్తాడు సరే. తినాల్సింది అవి కదండీ!"

భాస్కరరావు గంట మోతను ఫోనులో పట్టి గట్టు మీద వినిపించాడు. నీరు కదల్లేదు. తాడేపల్లిగూడెం వెళ్ళి ఇత్తడి గంట తెచ్చి వాయించాడు. బడి విడిచారనుకుని పిల్లలు సంచులతో సహా ఇళ్ళకు పరిగెత్తారు. హెడ్మాస్టరు వచ్చి నానా మాటలూ అన్నాడు. చేప ఒక్కటీ రాలేదు.

"పెద్ద గంటకి నేల అదురుతుందండీ," అంది భార్య సూర్యకాంతం. "మీ గిన్నె చప్పుడు వాటికెందుకు?"

ఇక గుడి నిలవాల్సిందే. ఎవరైనా బాగుచేయిస్తే పడగొట్టబోమన్నారు ఫాదర్ గారు. ఏలూరులో పాత కట్టడాలు బాగుచేయించే సంఘం ఉందంటే, చెప్పులరిగేలా దాని చుట్టూ తిరిగాడు. చివరికి ఫణీంద్ర అనే ఇంజనీరు వచ్చి గోడలు తట్టి చూశాడు. సున్నం గోడలు, టేకు దూలాలు, అన్నీ గట్టివే అన్నాడు. గోపురానికి మరమ్మతు చేస్తే చాలు.

"కానండీ, జనం వాడని కట్టడానికి మావాళ్ళు సాయం చెయ్యరు."

"తుపాను వస్తే ఊరంతా ఇందులోనే పడుకుంటామండీ. వంటలూ దీని అరుగు మీదే. అది వాడకం కాదా?"

"తుపాన్ని నేను రప్పించలేను కదండీ. ఆదివారం వచ్చి చూస్తాను. జనం కనపడాలి."

భాస్కరరావు ఇల్లిల్లూ తిరిగాడు. తుపానులో తలదాచుకున్న చోటు, కాదన్నవాడు లేడు. ఆదివారం మేత పని సూర్యకాంతానికి అప్పజెప్పి తానే ముందు నడిచాడు. రైతులూ కొట్లవాళ్ళూ బొట్లతో, నామాలతో వచ్చి, బల్లలు కండువాలతో దులుపుకుని కూర్చున్నారు. క్రైస్తవులు వచ్చేసరికి చోటు లేదు.

గుడి ఊడ్చే సూరమ్మ గుమ్మంలో నిలబడి అరిచింది. "ఏం బాబూ, మా దేవుడి దగ్గర మాకే చోటు లేకపోతే ఎక్కడికి పోవాలి? మీ రామాలయానికా?"

"ఈ ఒక్కపూటా సర్దుకోమ్మా," అన్నాడు భాస్కరరావు.

వచ్చినవాళ్ళకు పాటలు తెలీవు, తాళం మాత్రం వేశారు. ప్రార్థన అయ్యాక ఒకాయన అలవాటుకొద్దీ తీర్థానికి చెయ్యి చాపాడు. ఫాదర్ గారు కాసేపు ఆలోచించి మంచినీళ్ళు పోశారు.

ఫణీంద్ర చూసి పెదవి విరిచాడు. "ఇంత జనమా! ఇది చాలదండీ మీకు. పెద్దది కట్టుకోవడమే మేలు."

భాస్కరరావు అతనికి అడ్డం నిలబడ్డాడు. "రాకపోతే అక్కర్లేదంటారు, వస్తే చాలదంటారు. ఎలా రమ్మంటారండీ?"

"నిండాలి. పొర్లకూడదు. ఈ నెలంతా వచ్చి చూస్తాను."

నిండాలి, పొర్లకూడదు. ఆ మాట కాలవ కింద రైతుకు కొత్త కాదు. నీరు తక్కువైన ఏడు చేలకు వంతులు వేసుకోవడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ సాయంత్రమే గుడి అరుగు మీద కూర్చుని వంతులు వేశారు. క్రైస్తవులకు ప్రతివారం హక్కు. మిగిలిన ఖాళీకి వీధికో వారం, ఇంటిల్లిపాదీ రావాలి. నీళ్ళు వదిలే లస్కరు పని సూరమ్మకిచ్చారు. ఆమె కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పాటలు బాగున్నాయని వంతు తప్పి వచ్చినవాణ్ణి, "నీది పై వారం, పో బాబూ," అని తరిమింది. గుడి నిండింది. పొర్లలేదు.

చివరి ఆదివారం భాస్కరరావు వీధి వంతు. ఆయనా సూర్యకాంతమూ ముందు బల్ల మీద కూర్చున్నారు. ఫణీంద్ర తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ పూట చూసి తేల్చేస్తానన్నాడు. గంట మెల్లగా మోగింది.

కిటికీలోంచి చెరువు కనపడుతోంది. నీరు కుతకుతలాడింది. గట్టు పొడుగునా నోళ్ళు తెరుచుకున్నాయి. తవుడు బస్తాలు ఒడ్డునే ఉన్నాయి.

భాస్కరరావు లేచాడు. సూరమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"ఎక్కడికండీ?"

"చేపలు వచ్చేశాయే!"

"వంతు మధ్యలో తూము మూసేస్తారా ఎవరైనా? ఇంజనీరు బాబు చూస్తున్నాడు. కూర్చోండి."

ఆయన ఫణీంద్ర వంక చూశాడు. చెరువు వంక చూశాడు. కూర్చున్నాడు. ఫణీంద్ర తృప్తిగా తల ఊపి, గోపురానికి సున్నం రేపే పంపిస్తానని సూరమ్మ చెవిలో చెప్పి వెళ్ళిపోయాడు.

అయినా వంతు వంతే. ఫాదర్ గారు ప్రసంగం అందుకున్నారు. ఆ రోజుది ఏసు అయిదు రొట్టెలు, రెండు చేపలతో అయిదువేల మంది కడుపు నింపిన ఘట్టం. దాన్ని ఆయన ఎన్నడూ తొందరగా ముగించి ఎరగరు.