పాట ఆగిన చోటు

"కప్పులు చప్పుడు చెయ్యకు రైయా, ఇక్కడ మైకు పెట్టారు," అన్నాడు భర్త ఎర్నాన్ హాల్లోంచి.

వంటింట్లో రైయా చేతిలోని కప్పుని కోడిగుడ్డులా బల్లమీద దించింది. ఓవెన్‌లో యాలకుల బన్నులు పొంగుతున్నాయి. టీవీ వాళ్ళు వస్తున్నారని పొద్దున్నే లేచి పిండి కలిపింది. కొన్నవి పెడితే ఏమనుకుంటారో అని బెంగ. ఓవెన్ తలుపు తీస్తే కిర్రుమంటుంది, తియ్యకపోతే మాడతాయి. తియ్యనా, వద్దా? పెళ్ళయిన నాటినుంచీ ఆమె బుర్రలో తిరిగేవన్నీ ఇలాంటి ప్రశ్నలే.

హాల్లో ఎర్నాన్ ఎదురుగా కూచున్న అమ్మాయి లువాం. తల్లిదండ్రులు ఎరిత్రియా నుంచి వచ్చారు, తను మాత్రం ఊరి శివారు ఈ ఆల్బీ మేడల్లోనే పుట్టింది. ఇప్పుడు రాప్‌లో మంచి పేరున్నది. స్వీడన్‌లో హిప్ హాప్ ఎలా మొదలైందో చెప్పే కార్యక్రమం చేస్తోంది, మొదటి భాగం ఎర్నాన్ మీద. స్వీడిష్‌లో కూడా రాప్ కుదురుతుందని ఈ శివారు పిల్లలకి చూపించినవాడని అతనికి పేరు.

"అప్పట్లో అందరం ఇంగ్లిష్‌లోనే, చెల్లీ," అంటున్నాడు అతను. "న్యూయార్కు ముఖం చూసినవాడొక్కడూ లేడు, అందరిదీ న్యూయార్కు యాసే. స్వీడిష్ అంటే బళ్ళో పంతులుకీ, వార్తలకీ. మనం మెట్లమీద కూచుని మాట్లాడుకునే స్వీడిష్‌లో చెబుదాం అని నేనే అన్నాను."

నేనే అన్నాను. అతను అబద్ధమాడుతున్నాడని కూడా రైయా అనుకోలేదు. చెప్పీ చెప్పీ అతనికిప్పుడు అలాగే గుర్తుంది.

అసలు జరిగింది ఇంతే, అప్పట్లో రైయాకి ఇంగ్లిష్ సరిగ్గా రాదు. గోల చేస్తున్నారని ఎర్నాన్‌నీ అతని జట్టు కుర్రాళ్ళనీ క్లబ్బు గదిలోంచి గెంటేస్తే, మేడ కింద అందరికీ ఉమ్మడిగా ఉండే బట్టలుతికే గదికి చేరారు. అక్కడ ఎవరి టైము వాళ్ళు ముందే పట్టుకోవాలి. బోర్డుమీద తాళంకప్ప తగిలించుకుంటే ఆ కాసేపూ గది వాళ్ళది. తాళం రైయా వాళ్ళమ్మది. కుర్రాళ్ళు డబ్బామీద దరువేస్తూ ఇంగ్లిష్‌లో అరుస్తుంటే, దుప్పట్లు మడతపెడుతూ రైయా తన మానాన తను స్వీడిష్‌లో అందుకుంది. "పాలప్యాకెట్టు మీద రాసింది చదువుతున్నట్టుంది" అని పడీపడీ నవ్వారు. ఎర్నాన్ ఒక్కడే నవ్వలేదు. టేపు రికార్డరు నొక్కి మైకు ఆమె చేతికిచ్చాడు. అందుకే అతన్ని ప్రేమించింది. అదీ నిజమే మరి.

ఆమె చెప్పింది వాళ్ళమ్మ గురించి. ఫిన్లాండ్ నుంచి ఒంటరిగా వచ్చి, పరాయి మేడల మెట్లు తుడిచి తుడిచి నడుం పోగొట్టుకుని, ఇంక చాలమ్మా అని ఆ వారమే వెనక్కి వెళ్ళిపోతున్న అమ్మ. మెట్టు మెట్టుకీ వంగిన అమ్మ, ఏ గుమ్మంమీదా పేరు లేని అమ్మ, ఆమె పేరు... అనేసరికి తలుపుమీద దబదబా బాదుడు. తర్వాతి టైము పట్టుకున్న బేరిట్ ముసలమ్మ. "నీ టైమైపోయింది! లోపల ఎవరి బట్టలున్నా తీసి నేలమీద పారేస్తా!" అన్నంత పనీ చేస్తుంది ఆవిడ. రైయా మైకు అక్కడే పెట్టి డ్రయరు దగ్గరికి పరిగెత్తింది. దరువు మాత్రం ఆగలేదు.

ఆ టేపు విని ఎర్నాన్ పాట నేర్చుకున్నాడు, ఖాళీతో సహా. "స్టూడియోలో నీకేం పని, అసలే కడుపుతో ఉన్నావు," అన్నాడు. "నీది నాది ఏంటి, మనిద్దరం ఒకటే కదా," అన్నాడు. పాట స్వీడన్ అంతా మోగింది. పనిమనిషి కొడుకు గొంతు అని పేపర్లో రాస్తే అత్తగారు గ్రసియేలా భగ్గుమంది. "మా దేశంలో, వాల్పరైసోలో, బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, నా జన్మలో ఒకరి మెట్లు తుడవలేదు!" మర్నాటికి ఆవిడే చల్లబడింది. "పోనీలే, రాసుకోనీ. మగాడికి పేరొచ్చాక ఇంట్లోవాళ్ళు దిద్దకూడదు." రైయా దిద్దలేదు. అతని చొక్కాలు ఉతికింది, పిల్లల్ని పెంచింది, బాలవాడి వంటింట్లో గిన్నెలు కడిగింది, ఆ పాటొస్తే రేడియో సౌండు తగ్గించింది.

అమ్మ ఓడెక్కిన రోజు రేవులో చాలా గాలి. పైనుంచి ఏదో అరిచింది, వినపడలేదు. ఏమని ఉంటుందా అని రైయా ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటుంది. పాట బయటికి రాకముందే అక్కడ ఫిన్లాండ్‌లో, తుర్కు అనే ఊళ్ళో అమ్మ పోయింది.

"ఆ నిశ్శబ్దం గురించి చెప్పండి," అంటోంది లువాం. "పాట మధ్యలో దరువొక్కటే వినిపించే చోటు. మేమంతా దాన్ని కాపీ కొట్టినవాళ్ళమే. నా మొదటి పాటలో కూడా ఉంది."

"అదా," అన్నాడు ఎర్నాన్ మైకు వైపు వంగి. "పోలీసులు ఆపి గోడకి నిలబెట్టినప్పుడు కుర్రాడి నోట్లో మిగిలే నిశ్శబ్దం అది. కావాలనే వదిలాను."

"మా అమ్మ కూడా మెట్లే తుడిచింది," అంది లువాం మెల్లిగా. "ఆ పాటకి నేనెంత ఏడ్చానో! విని మీ అమ్మగారు ఏమన్నారు?"

ఎర్నాన్ బల్లమీది కప్పు అందుకున్నాడు. "మా అమ్మా... చాలా గర్వపడింది."

పాటని తీసుకున్నాడు, సరే. అమ్మని కూడానా?

రైయా ఓవెన్ తలుపు తీసింది. అది కిర్రుమంది.

"రైయా!"

ఆమె ట్రే పట్టుకుని హాల్లోకొచ్చి, బన్నులు బల్లమీద పెట్టి, లువాం పక్క కుర్చీ లాక్కుని కూచుంది.

"తర్వాత తెద్దువుగానీ, ఇంకా అవలేదు," అన్నాడు ఎర్నాన్.

"ఆ చోట పోలీసులెవరూ లేరమ్మా," అంది రైయా లువాంతో. "నా టైమైపోయిందని బేరిట్ తలుపు బాదింది. డ్రయర్లో దుప్పట్లు తియ్యడానికి పరిగెత్తాను."

లువాం నవ్వింది. ఎర్నాన్ ముఖం చూసి నవ్వు ఆపేసింది. కెమెరా కుర్రాడు కెమెరా ఆపలేదు.

"జోకులెయ్యకు రైయా," అన్నాడు ఎర్నాన్. చేతిలోని కప్పుని సాసర్లో ఠక్కుమని చప్పుడయ్యేలా పెట్టాడు.

లువాం అతనివైపు చూడలేదు. "మరి అక్కడ ఏముండాలి?" అని రైయాని అడిగింది.

"మా అమ్మ పేరు. ఐలి." గట్టిగా అని ఎన్నేళ్ళయిందో, ఆ పేరు ఆమె చెవికే కొత్తగా వినపడింది. "ఆ మైకు ఇటు తిప్పు. మొదట్నుంచీ చెబుతాను. ఈసారి తలుపు ఎవరు బాదినా లేవను."