అమ్మ వడికిన ఏడు చిలపలు

అమ్మ పోయేనాటికి ఆమె వడికిన ఉన్నిదారం ఏడు చిలపలు, అంటే ఏడు చుట్టలు, మిగిలింది. మార్చిలో నాన్న ఊరివాళ్ళతో కలిసి ఐస్లాండ్ వైపు చేపల వేటకు వెళ్ళాలి. సెప్టెంబరు దాకా తిరిగి రాడు. ఆయన పాత స్వెట్టర్ మోచేతుల దగ్గర చిరిగిపోయింది. కొత్తది అమ్మ దారంతోనే అల్లాలనుకున్నాను. అమ్మ చేతిపని ఇక అదే. అది ఆయన ఒంటిమీద సముద్రానికి వెళ్ళాలి.

మా ఫారో దీవుల్లో చలికాలం మధ్యాహ్నం మూడింటికే పొద్దు పోతుంది. అప్పటినుంచి ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ చేరి ఉన్ని పని చేస్తారు. మా ఇంట్లో నాన్న ఉన్ని దువ్వి ఏకులు చేసేవాడు, అమ్మ వడికేది, నేను అల్లేదాన్ని. మాటలన్నీ అమ్మవే. ఎవరి పొట్టేలు ఎవరి గోడ దూకిందో, పాస్టరు గారి భార్య రొట్టె ఎలా మాడ్చిందో చెబుతూ, రాట్నం ఆపకుండానే నవ్వేది.

ఈ ఏడాది మేమిద్దరమే. నాన్న ఎప్పటిలాగే దువ్వి, ఏకులను రాట్నానికి కుడిపక్క, అమ్మ చెయ్యి అందేచోట పేర్చేవాడు. నేను వాటిని బుట్టలోకి తీసేదాన్ని. మర్నాడు మళ్ళీ అక్కడే పెట్టేవాడు. పాతిపెట్టిన రోజు నుంచీ అమ్మ పేరు ఆయన నోట రాలేదు. ఆయన అంటే నేనూ అనవచ్చునని ఎదురుచూశాను. గొర్రెల సంగతి చెప్పేవాడు, గాలి ఎటు తిరిగిందో చెప్పేవాడు, అంతే.

ఏడో చిలప మెడ దగ్గర అయిపోయింది. చేతులు రెండూ అల్లవలసి ఉంది.

బుట్టలో ఏకులు గుట్టగా ఉన్నాయి. అమ్మ దారమూ అవీ మా గోధుమరంగు గొర్రెల ఉన్నే. నేనే రాట్నం ముందు కూర్చున్నాను. దారం తెగుతుందేమోనని భయపడి పురి తక్కువ వేశాను. వడికింది అమ్మ దారం పక్కన పెట్టి చూస్తే రంగు కలిసింది, లావూ కలిసింది. చాలుననుకున్నాను. పొరుగింటి బిరీతత్తను అడగవలసింది. అడిగితే అమ్మ దారం అయిపోయిందని చెప్పాలి. ఆ మాట పైకి అనడం నాకు ఇష్టం లేకపోయింది.

వేటకు వెళ్ళేవాళ్ళ స్వెట్టర్ మేము జానెడు పెద్దదిగా అల్లుతాం. తరువాత దాన్ని వేడి సబ్బునీళ్ళలో వేసి కాళ్ళతో తొక్కుతాం. ఉన్ని కుంచించుకుని దళసరి అవుతుంది, ఇక గాలి దూరదు. పెద్ద తొట్టి బిరీతత్త దగ్గరే ఉంది. ప్రయాణం రెండు రోజులుందనగా అక్కడికి తీసుకెళ్ళాను. ఇద్దరం చెరో పక్క గోడ పట్టుకుని తొక్కాం. చాలాసేపయ్యాక ఆవిడ స్వెట్టర్ తీసి పిండి బల్ల మీద పరిచింది.

ఒళ్ళు సరిగ్గా కొలతకు వచ్చింది. చేతులు మాత్రం చిన్నపిల్లవాడివిలా అయిపోయాయి.

ఆవిడ ఒళ్ళు భాగాన్ని వేళ్ళతో నలిపి చూసింది, తరువాత చేతుల్ని నలిపింది.

"చేతులు ఎవరు వడికారే?"

"నేనే అత్తా."

"పురి తక్కువైతే ఎక్కువ ముడుచుకుంటుంది. ముందు అరచేతంత ముక్క అల్లి తొక్కి చూడొద్దూ? నన్నడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

తొక్కిన ఉన్నిని మళ్ళీ దారంగా విప్పలేం. చేతులు కత్తిరించి కొత్తవి అల్లాలంటే రెండు రోజులు చాలవు. ఆవిడ నా ముఖం చూసింది. పొయ్యి మీద కాఫీ పెట్టింది.

ఆరాక నాన్నకు ఇచ్చాను. ఆయన తొడుక్కుని చేతులు ముందుకు చాచాడు. స్వెట్టర్ మోచేతులు దాటి నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. ఒకసారి లాగి చూశాడు. పాతదానికి మాసికలు వేసి ఉంచానని, అదే వేసుకెళ్ళమని అన్నాను. ఊఁ అని విప్పి, రెండింటినీ ఒకే మేకుకు తగిలించాడు.

వెళ్ళే రోజు పొద్దున నేను ఆవు పాలు తీసి వచ్చేసరికి ఆయన పెట్టె భుజాన పెట్టుకుని వాకిట్లో ఉన్నాడు. కొత్త స్వెట్టరే వేసుకున్నాడు.

రేవులో ఊరంతా ఉంది. ఓడ దూరంగా లంగరు వేసి ఉంది, మనుషుల్ని పడవలో చేరవేస్తున్నారు. పడవలో ముందే కూర్చున్న ఊలె మామ నాన్నను ఎగాదిగా చూశాడు.

"ఏం హనుస్, మీ అమ్మాయి చిన్నప్పటిది తొడుక్కొచ్చావా?"

అందరూ నవ్వారు. నాకు రాళ్ళ వెనక్కి పోదామనిపించింది. నాన్న పెట్టె దించి సర్ది, నడుము నిటారు చేశాడు.

"ఒళ్ళు మాలన్ వడికింది," అన్నాడు. "చేతులు మా సున్నేవ. పురి తక్కువైంది. నేర్చుకుంటుందిలే."

నవ్వు ఆగిపోయింది. ఊలె మామ చెయ్యి చాపి నాన్న వీపు మీది ఉన్నిని తడిమాడు. "మాలన్ దారమా," అన్నాడు. "గట్టిది."

నేను అక్కడే, పదడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. అమ్మ పేరు నాతో అనలేదు. అయినా విన్నాను. నాన్న నావైపు తిరిగి, ఏప్రిల్‌లో బంగాళాదుంపలు నాటేటప్పుడు బిరీతత్త వాళ్ళబ్బాయిని సాయం పిలవమన్నాడు. సరే నాన్నా అన్నాను. ఆ పేరు నేను కూడా అందామనుకున్నాను. అప్పటికే పడవను నీళ్ళలోకి తోస్తున్నారు.

తెడ్లు వేసేవాళ్ళంతా గోధుమరంగు స్వెట్టర్లలోనే ఉన్నారు. కొంత దూరం పోయాక ముఖాలు తెలియలేదు. ఒక్కరి ముంజేతులు మాత్రం తెల్లగా, ముందుకు వంగుతూ వెనక్కి వాలుతూ కనిపించాయి. పడవ ఓడ వెనక్కి తిరిగేదాకా వాటినే చూశాను.

బిరీతత్త నా పక్కకు వచ్చి, ఇంటికి రమ్మని, కాఫీ కాచి ఉంచానని అంది. ఆవుకు పాలు తీసే వేళయిందన్నాను. పొద్దున్నే తీశానని ఆవిడకూ తెలుసు. సరేలే అని, నా శాలువా సర్ది, తన ఇంటి దారి పట్టింది.