మార్గరెట్ వెండి దిమ్మె

కృష్ణవేణమ్మ చేతులు ఊరుకోవు. తెనాలిలోనూ ఊరుకోలేదు, కూతురు ఇంద్రజ దగ్గర ఆరు నెలలుందామని అమెరికాలోని బాతెల్ ఊరికి వచ్చాకా ఊరుకోలేదు. అదే కొంప ముంచింది.

పక్కింటి మార్గరెట్ మోకాలి ఆపరేషన్‌కి వెళుతూ, ఖాళీ ఇంట్లో వదలడం ఇష్టంలేక ఒక వెండి దిమ్మెను ఇంద్రజకు అప్పగించింది. మూడొందల ఏళ్ల కిందట ఫ్లోరిడా దగ్గర మునిగిపోయిన స్పెయిన్ ఓడలోది. పోయిన ఆమె భర్త సముద్రం అడుగుకు దిగి తన చేతులతో పైకి తెచ్చాడు. ఇటుకంత ఉంది, బొగ్గులా నల్లగా ఉంది.

శుక్రవారం పొద్దున ఇంద్రజ ఆఫీస్‌కి వెళ్లగానే కృష్ణవేణమ్మ కన్ను దాని మీద పడింది. వెండి అలా నల్లబడి ఉంటే ఏ ఇల్లాలి ప్రాణం ఒప్పుతుంది చెప్పండి? పాపం, పెద్దావిడకు తోముకునే ఓపిక లేదు కాబోలు, వచ్చేసరికి తళతళలాడించి ఇద్దాం అనుకుంది. చింతపండు, విభూతి, పాత పంచె గుడ్డ తీసుకుని గంటన్నర తోమింది. ఓ మూల ఏవో పిచ్చిగీతలు మొండికేస్తే అక్కడ ఇంకా గట్టిగా రుద్దింది.

సాయంత్రం ఇంద్రజ దాన్ని చూసి, మూలనున్న గీతలు కూడా తోమేశానన్న తల్లి మాటకు సోఫాలో కూలబడింది.

"అవి గీతలు కాదమ్మా. దొరికిన రోజే ఆయన బోట్‌లో ఆ నలుపు మీద కత్తిమొనతో పైపైన గీసిన మార్గరెట్ పేరు. ఫొటో కూడా తీసుకోలేదంట."

ఆ వారమంతా కృష్ణవేణమ్మకు ముద్ద దిగలేదు. నా చేతులు ఊరుకోక, సాటి ఆడదాని మొగుణ్ణి రెండోసారి పోగొట్టానే అని కుమిలిపోయింది.

మార్గరెట్ చేతికర్ర పట్టుకుని వచ్చింది. దిమ్మె అందుకుని, మూలను వేలితో తడిమి, తన పేరేదని అడిగింది.

షాప్‌లో క్లీన్ చేయించామనీ, వాళ్లే చెరిపేశారనీ ఇంద్రజ ఇంగ్లీషులో గబగబా చెప్పింది. కృష్ణవేణమ్మకు షాప్ అన్న మాట ఒక్కటి చాలు.

"అబద్ధం చెప్పకే," అని కూతుర్ని ఆపి, రెండు చేతులూ ముందుకు చాపింది. "ఐ రబ్. నేనే."

మార్గరెట్ ఆ చేతుల్ని చూసి ఏదో అడిగింది. "పేరు తేలిగ్గా పోయిందా అని అడుగుతోందమ్మా," అంది ఇంద్రజ నెమ్మదిగా.

"లేదు. మిగతా నలుపంతా ఇట్టే వదిలింది. ఆ పేరొక్కటే గంటసేపు పోలేదు. అయినా నేను వదల్లేదు. అలాగే చెప్పు."

ఇంద్రజ ఈసారి ఒక్క మాటా మార్చకుండా చెప్పింది. మార్గరెట్ దిమ్మెను గుండెకు హత్తుకుని ఏడ్చింది. దగ్గరికి వెళ్లి ఓదార్చే మొహం లేక కృష్ణవేణమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది.