గాలికి దారి

నేను ఒక గాజు గరాటును. జామకాయలాంటి కడుపు, పైన గాజు మూత, కింద సన్నని కాలు, ఆ కాలికో కుళాయి. ఒకదానిలో ఒకటి కలవని ద్రవాలను విడదీయడం నా పని. మంట ముందు ఊది నన్ను చేసినవాడు, కుళాయి నుంచి చుక్క కూడా కారదని మురిసిపోయాడు. నేను మాత్రం పుట్టినప్పటి నుంచీ భయంతోనే బతికాను. నరసరావుపేటలో ఒక ఫార్మసీ కాలేజీ ప్రయోగశాలకు చేరాక ఆ భయం రెట్టింపైంది. నా తోటివాళ్లు సింకులో ముక్కలవడం కళ్లారా చూశాను మరి.

ఆ ఉదయం నేను షహీనా చేతికి వచ్చాను. రెండో సంవత్సరం పిల్ల. ఈథర్‌లో కరిగించిన మిశ్రమం నుంచి బెంజోయిక్ ఆమ్లాన్ని వేరు చేయాలి. ఆమె సోడియం బైకార్బొనేట్ ద్రావణం పోసింది. నాలో బుసబుసమని బుడగలు లేచాయి. అవి తగ్గేదాకా ఆగాలి. ఆమె ఆగలేదు. మూత బిగించి గబగబా ఊపింది.

‘కార్బన్ డయాక్సైడ్ వెలువడును’ అని పరీక్షలో తప్పు లేకుండా రాసిన పిల్లే. మనుషులు ఇలాంటి వాక్యాలు కంఠస్థం చేస్తారు. ఆ వాయువు తమ చేతుల్లోనే పుడుతుందని మాత్రం ఊహించరు.

నా కడుపు బిగిసింది. మూత ఆమె అరచేతిని తన్నింది. పగిలితే నా ముక్కలు ఆమె కళ్లలోకే పోతాయి.

“మేడమ్! మూత ఎగిరిపోయేట్టుంది!”

ల్యాబ్ చూసే సత్యవేణి మేడమ్ పరుగున వచ్చింది. “వదలమాక తల్లీ. మూత నొక్కిపట్టు. తలకిందులు చెయ్యి. కాలు గోడవైపు తిప్పి కుళాయి తియ్యి.”

“తిరగట్లేదు మేడమ్! బిగుసుకుపోయింది!”

పారిపోవడానికి నాకు కాళ్లు లేవు. ఉన్న ఒక్క కాలూ పైకి లేచి ఉంది. మేడమ్ తన చేతులను షహీనా చేతుల మీద వేసి, ఊపిరి బిగబట్టి కుళాయిని తిప్పింది. కిర్రుమంది. మరుక్షణం నాలోని గాలంతా బుస్సుమంటూ పోయింది.

షహీనా ఏడ్చేసింది. “నావల్ల కాదు మేడమ్.”

“అవుద్ది. ఇంకోసారి ఊపు. ఈసారి నిదానంగా, మధ్యమధ్యలో గాలి తీస్తా ఉండు.”

కళ్లు తుడుచుకుని ఆమె నన్ను మళ్లీ ఎత్తింది. ఊపింది, ఆగింది, గాలి వదిలింది. కింది నీటిపొరను బీకరులోకి దించి అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయగానే బెంజోయిక్ ఆమ్లం తెల్లని స్ఫటికాలుగా పేరుకుంది. “వచ్చింది మేడమ్!” అని నవ్వింది.

కడుగుతుంటే నా కుళాయి పక్కన సన్నని పగులు కనిపించింది. నన్ను పగిలిన గాజు వేసే డబ్బాలో పెట్టారు. ఇక్కడ భయపడాల్సిందేమీ లేదు. నన్నిక ఎవరూ ఊపరు. దిగులంతా దానికే.