బుగ్గ మీద గీత

సుభాషిణి లిఖితకి రెండు జడలు వేసి రిబ్బన్లు కడుతుంటే అత్తగారు వచ్చి, పిల్ల గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పింది. "ఇదేంటే, వాత పెట్టినట్టుందీ?" అంది. అడిగింది పిల్లనే గానీ, చూసింది మాత్రం సుభాషిణి వైపు.

కుడి బుగ్గ మీద వేలెడు పొడుగున ఎర్రటి గీత. పడుకునేటప్పుడు లేదు. మధ్యాహ్నానికి దాని మీద సన్నటి బొబ్బలు లేచాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు కళ్ళజోడు సవరించుకుని, "కాలిందేనండీ" అంటూ ఆయింట్‌మెంటు ఇచ్చాడు. దేంతో కాలిందో ఆయన అడగలేదు. ఊరు అడిగింది. తల్లి పోయిన లిఖితకి మూడేళ్ళప్పుడు సుభాషిణి ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చింది. ఇప్పుడు పిల్లకి తొమ్మిది. ఈ ఆరేళ్ళూ పాలు పట్టిందీ, పేలు దువ్విందీ, ఎక్కాలు అప్పజెప్పించుకుందీ ఎవరికీ జ్ఞాపకం రాలేదు. సవతి తల్లి, చేతిలో అట్లకాడ. ఇక సాక్ష్యాలతో పనేముంది ఎవరికైనా?

భర్త కోటేశ్వరరావు అరవలేదు, తిట్టలేదు. అరిచినా బాగుండేది. పిల్లని స్కూటరు మీద కాలవగట్టు దాకా తీసుకెళ్ళి, "పిన్ని నిన్నేమన్నా చేసిందా? నాన్నకి చెప్పమ్మా" అని అడిగాడట. "నిద్దర్లో ఏమైందో నాకు తెలీదు నాన్నా" అందట పిల్ల. ఆ మాట లిఖితే వచ్చి సుభాషిణికి చెప్పింది. పిల్లకి కూడా అనుమానమేనా? సాయంత్రం అన్నం తింటూ, "ఆదివారం బందరు నుంచి వాళ్ళమ్మమ్మ వస్తున్నారు. పిల్ల కొన్నాళ్ళు అక్కడుంటుంది. పెరుగెయ్యి" అన్నాడు అతను, అన్నీ ఒకే గుక్కలో. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో సుభాషిణికి తెలుసు. బళ్ళో టీసీ గురించి కనుక్కుని వచ్చాడు కూడా.

శనివారం తెల్లవారగట్ల వరండా ఊడుస్తుంటే ట్యూబులైటు కింద గోడ మీద కనిపించింది పురుగు. బియ్యపుగింజంత ఉంటుంది. చీమలాంటి ఒళ్ళు, నారింజ రంగు, నల్లటి తల, నడుం దగ్గర నీలం పట్టీ. తోక పైకెత్తుకుని గబగబా నడుస్తోంది. ఎక్కడో చూసింది దీన్ని. ఎక్కడ? చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ వరండాలోనే. పోయినేడు వ్యవసాయాఫీసరు రైతులకి పొలంబడి పెట్టినప్పుడు, గోడకి తగిలించిన బొమ్మల చార్టులో. ముప్పయ్‌మందికి టీలు అందిస్తూ ఆమె విన్నది. "ఇది మిత్ర పురుగు, వరికి పట్టే దోమని తింటుంది, చంపకండి. ఒంటి మీద నలిగితే మాత్రం మర్నాటికి కాల్చినట్టు బొబ్బలెక్కుతుంది." ఇంగ్లీషులో ఏదో పేరు కూడా చెప్పాడు, అది మాత్రం గుర్తు లేదు.

ఖాళీ హార్లిక్స్ సీసాలోకి దాన్ని దులిపి, పరుగున వెళ్ళి భర్తని లేపి సంగతి చెప్పింది. అతను సీసా వంక చూసి, "పురుగు కుడితే దద్దు లేస్తుంది గానీ వాత తేలుతుందా? నేనూ ఉన్నాగా పొలంబడిలో. నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. ఉన్నమాట నిజమే. స్తంభానికి ఆనుకుని గురకపెట్టాడు. ఆ ఆఫీసరు బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఆడదాని మాటకి ఇంకెవర్ని సాక్ష్యం తెస్తుంది?

పెరట్లోకి వెళ్ళి, పురుగుని ఎడమ ముంజేతి మీద పెట్టుకుని బొటనవేలితో నలిపి కిందికి గీసింది.

ఆ రోజంతా చేతి వంకే చూసుకుంది. ఏమీ లేదు. పప్పు కడుగుతూ చూసింది, బట్టలు పిండుతూ చూసింది. రాకపోతే? రేపు పదింటి బస్సుకి అమ్మమ్మ దిగుతుంది, పిల్ల వెళ్ళిపోతుంది, ఊళ్ళో తన పేరు అలాగే ఉండిపోతుంది. ఒంటి మీద బొబ్బ లేవాలని దేవుడికి మొక్కుకున్న ఆడది లోకంలో తనొక్కతేనేమో. ఆదివారం లేచేసరికి చెయ్యి భగ్గుమంటోంది. హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు ఏడుపొచ్చింది.

లిఖిత అమ్మమ్మ ఇందిరాదేవి వచ్చి కూర్చుంది. మనవరాలి బుగ్గ చూసి పెదవి బిగించింది. సుభాషిణి గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది.

"పురుగండీ అది. నిన్న నేనే నా చేతి మీద నలుపుకున్నాను. చూడండి, అలాగే వచ్చింది."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "ఇందులో పురుగుది ఏదమ్మా?"

సుభాషిణికి అర్థం కాలేదు. తనూ వంగి చూసుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా గీతలే. నల్లబడినవి, తెల్లబడినవి, పొట్టు రాలుతున్నవి. కోటేశ్వరరావు కూడా మెడ సాచి చూశాడు. పురుగుది ఏదో పోల్చుకోలేకపోయాడు. "వంటన్నాక కాలవూ?" అంది అత్తగారు.

లిఖిత వచ్చి వేలు పెట్టి చూపించింది. "ఇది గారెల మూకుడు. ఇది కుక్కరు మూత. ఇది నా యూనిఫాం ఇస్త్రీ చేసేటప్పుడు. ఇది నాన్న భోజనానికి చుట్టాల్ని తెచ్చిన రోజు గంజి ఒలికి. ఇదొక్కటే నిన్న లేదు అమ్మమ్మా."

ఇందిరాదేవి పిల్లని దగ్గరికి లాగి, బుగ్గనీ చేతినీ పక్కపక్కన పెట్టి చూసింది. "పిల్ల ఇక్కడే ఉంటుంది" అంది. సుభాషిణి చెయ్యి మాత్రం వదల్లేదు. దాన్ని అల్లుడి వైపు తిప్పింది.

"పురుగుది ఒక్కటే. తక్కిన వాతలు ఎవరు పెట్టారు అల్లుడుగారూ?"