కదిలితేనే నాది

పెన్ను మళ్లీ లేచింది. చార్ట్ కాగితం మీద మా అణువు గీసే పెద్ద పీక్‌కు ఎడమ పక్కన చిన్న పీక్ నిలబడింది. వారం రోజులుగా వస్తూనే ఉంది. అణువులను ఆర్గాన్ వాయువుతో కలిపి సూదిమొనంత రంధ్రంలోంచి శూన్యంలోకి చిమ్మితే గడ్డకట్టేంత చల్లబడతాయి; లేజర్ రంగు మారుస్తూ పోతే, అవి వెలిగిన చోటల్లా పెన్ను ఒక పీక్ గీస్తుంది. ఆ చలిలో ఒక ఆర్గాన్ పరమాణువు మా అణువును అంటుకుంటుందనీ, ఆ జంట గీసిందే ఈ చిన్న పీక్ అనీ నా వాదం. మా అణువుతో ఆ జంటను ఇంతవరకు ఎవరూ చూడలేదు.

అది ఓహాయోలో 1982 మార్చి. మర్నాడు ఆ చార్ట్ పట్టుకుని ప్రొఫెసర్ కాన్ఫరెన్స్‌కు వెళ్తాడు. అమెరికా వచ్చినప్పటినుంచీ ఇతరుల పీక్‌లకు కాపలా కాశాను. నాది అనదగ్గది ఇదొక్కటే.

తలుపు తెరుచుకుంది. సూర్యప్రకాశ్. మా ఇద్దరికీ ఒకే లేజర్. పొద్దున నాది, మధ్యాహ్నం అతనిది. నా భార్య హైమ పోయినప్పుడు అంత్యక్రియలకు రమ్మంటే, లేజర్ టైమ్ వదులుకోలేనన్నవాడు.

ముక్కు ఎగబీల్చాడు.

"గురూ, నీ దగ్గరికొస్తే మా అమ్మమ్మ బీరువా తీసినట్టుంటుంది. ఏంటా వాసన?"

"కలరా ఉండలు."

"చేతిలో గుడ్డేంటి?"

"శాంపిల్ పెట్టే సెల్ గిన్నె తుడిచేది."

మా ఊరి బడిలో పలకను దొండాకుతో తుడిస్తే తప్ప పంతులు అక్షరం దిద్దనిచ్చేవాడు కాదు. తుడవనిదే ఏదీ మొదలుపెట్టను. ల్యాబ్‌లో ఇచ్చే కాగితాలు పీచు వదులుతాయి. హైమ పాత నేత చీరలు మెత్తన. ఆమె ఇండియా నుంచి తెచ్చిన ఉండలతోనే అవి పెట్టెలో ఉన్నాయి. ఒకటి చింపి తెచ్చాను.

అతను గుడ్డ వాసన చూశాడు. చార్ట్ చూశాడు. పకపకా నవ్వాడు.

"నీ ఆర్గాన్ పీక్ మా ఊరి కిరాణా కొట్లో పొట్లం కట్టి అమ్ముతారు గురూ! ఆ ఉండల్లోని నాఫ్తలీన్ కూడా ఇక్కడే కదా వెలిగేది?"

"నోరు మూసుకో."

"మూసుకుంటా. ఆర్గాన్ తీసేసి నియాన్ పెట్టు. అంటుకునేది మారితే పీక్ చోటూ మారాలి. కదిలితే నీది. కదలకపోతే కలరా ఉండలది."

అతను చెప్పింది సరైన పరీక్ష. అందుకే ఇంకా మండింది. సిలిండర్ మార్చి స్కాన్ మొదలుపెట్టాను. పెన్ను పాకింది. పాకి పాకి, సరిగ్గా పాత చోటే లేచింది.

"కదల్లేదు" అన్నాడు. ఈసారి నవ్వలేదు. "ప్రొఫెసర్‌కి చెప్పాలి కదా?"

"నేనే చెప్తా. కొత్త సెల్‌తో ఒకసారి చూసి."

"మధ్యాహ్నం లేజర్ నాది."

"తెలుసు."

తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "తీసుకో గురూ. ఈ మధ్యాహ్నం నీదే."

ఆనాడు వదులుకోలేని మధ్యాహ్నం. తీసుకున్నాను. థ్యాంక్స్ చెప్పలేదు.

గుడ్డను కార్లో పెట్టొచ్చాను. సెల్ కొత్తది, గొట్టాలు కొత్తవి. ఆల్కహాల్‌తో కడిగి, వేడిచేసి, మళ్లీ ఆర్గాన్ వదిలాను. ఆగలేక ముందే సంగతి చెప్పేశాను; ప్రొఫెసర్ వచ్చి మా వెనక నిలబడ్డాడు. పెన్ను ఆ చోటికి వచ్చింది. లేవలేదు. నా వారం రోజుల పీక్ కాగితం మీద చదునుగా పడుకుంది.

"ఆగాగు!" సూర్యప్రకాశ్ కాగితం మీదికి వంగాడు. "పక్కన అదేంటి?"

నాఫ్తలీన్ పీక్ వాలు ఉండే చోట గోరంత పొంగు. ఇన్నాళ్లూ దాని చాటునే ఉంది. సిగ్నల్ పెంచి, నిదానంగా మళ్లీ అక్కడికి నడిపాను. నిటారుగా లేచింది.

"నాయిస్ ఏమో?"

"నాయిస్ అయితే రెండోసారి రాదు."

రెండోసారీ వచ్చింది.

"నియాన్!" ఇద్దరం ఒకేసారి అరిచాం. స్పానర్ అందుకుని సిలిండర్ మార్చాను. మళ్లీ స్కాన్. పొంగు ఉన్న చోట ఏమీ లేదు. పెన్ను ఇంకా ముందుకు పోయింది. పెద్ద పీక్‌కు బాగా దగ్గరగా వెళ్లి, అక్కడ లేచింది.

"కదిలింది! కదిలింది గురూ!"

నియాన్ తేలిక వాయువు, పట్టు తక్కువ. అందుకే పీక్ దగ్గరికి జరిగింది. మరి బరువైన క్రిప్టాన్ పెడితే దూరం జరగాలి. నేను నోరు తెరిచేలోపే ప్రొఫెసర్ సిలిండర్ కోసం కారిడార్‌లో పరుగెత్తాడు. అరవయ్యేళ్ల మనిషి, టై భుజం మీద ఎగురుతూ. క్రిప్టాన్ పెట్టాం. పీక్ ఆర్గాన్ చోటు దాటి అవతలికి పోయి నిలిచింది.

నాదే.

ప్రొఫెసర్ మూడు చార్టులనూ రోల్ నుంచి చింపి తీసుకుని, పాత చార్ట్‌తో కాన్ఫరెన్స్‌కు చేయించిన స్లైడ్ చెత్తబుట్టలో పడేసి వెళ్లాడు. సూర్యప్రకాశ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మరి పేపర్లో నా పేరు? కలరా ఉండల్ని కనిపెట్టింది నేనే కదా!"

"వాటిని తెచ్చింది హైమ. ముందు ఆమె పేరు పెట్టాలి."

అతని నవ్వు ఆగిపోయింది. చేతులు చూసుకున్నాడు.

"ఆ రోజు రావాల్సింది, రాధాకృష్ణా."

"అవును. రావాల్సింది."

ఇంకా జినాన్ మిగిలి ఉంది. క్రిప్టాన్ కన్నా బరువైనది. పీక్ ఇంకెంత దూరం పోతుందో చూడాలి. అతను లేవబోయాడు. "కూర్చో. మధ్యాహ్నం నువ్విచ్చావు" అని సిలిండర్ నేనే మోసుకొచ్చాను.